పెట్టె ముందు అంకె, పెట్టె వెనక అంకె

పండగ ఆఫర్లు ముగిసినా ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం వాటి గురించే. "కొన్నాం, సరైనదేనా?" అని కొన్నాక అడిగేవాళ్లే ఎక్కువ. పెళ్లయ్యాక జాతకాలు చూపించుకున్నట్టుంది. అయినా కొన్నవాళ్లకూ కొనబోయేవాళ్లకూ పనికొచ్చేవి కొన్ని ఏరి జవాబులు రాశాను.

సందేహం: మా అబ్బాయి కువైట్‌లో పనిచేస్తాడు. సంక్రాంతికి వస్తూ నాకు ఐఫోన్ 17 తెస్తానంటున్నాడు. అక్కడి ఫోన్లో మన సిమ్ము పట్టదని పక్కింటాయన అంటున్నారు. నిజమేనా?
– ఓ తల్లి, అమలాపురం

సమాధానం: పక్కింటాయన సగం నిజం చెప్పారమ్మా. మన సిమ్ము పట్టదు, మన నంబరు మాత్రం పనిచేస్తుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 17 వరసలో కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈలలో అమ్మే ఫోన్లకు సిమ్ము పెట్టే ట్రేనే లేదు. అంతా ఈ-సిమ్. అమెరికాలో 2022లో ఐఫోన్ 14 నుంచే ఈ పద్ధతి ఉంది. ఇక్కడ దుకాణంలో కొనే ఐఫోన్ 17కి ట్రే కూడా ఉంటుంది. ఒక్క ఐఫోన్ ఎయిర్‌కి మాత్రం ఏ దేశంలోనూ లేదు.

జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఈ-సిమ్ ఇస్తున్నాయి. కాబట్టి మీ నంబరును అందులోకి మార్చుకోవచ్చు. మార్చిన 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు రావు, బ్యాంకు ఓటీపీలతో సహా. మోసగాళ్లు నంబరు కొట్టేసి ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన నిబంధన అది. కరెంటు బిల్లో, గ్యాస్ బుకింగో ఉంటే ముందురోజే కానిచ్చేయండి. "ఈ-సిమ్ మార్చిపెడతాం, ఓటీపీ చెప్పండి" అంటూ ఎవరైనా తమంతట తాము ఫోన్ చేస్తే పెట్టేయండి. ఆ పని మీరు అడిగితేనే మొదలవ్వాలి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ఇప్పుడైతే ఫోన్ పాడైన రోజు సిమ్ము ఊడదీసి బీరువాలోని పాత డబ్బా ఫోన్లో వేసేసుకుంటారు. ఈ-సిమ్‌ని గోటితో ఊడదీయలేరు. మళ్లీ మామూలు సిమ్ము కావాలంటే ఆధార్ పట్టుకుని కంపెనీ స్టోరుకు వెళ్లాల్సిందే. అబ్బాయి దూరాన ఉండి మీరొక్కరే ఉంటున్నట్టయితే, ఆ డబ్బు పంపించమని ఇక్కడే కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. అబ్బాయి చేత్తో తెచ్చి ఇస్తే ఉండే సంబరం ఇందులో ఉండదని తెలుసు.

సందేహం: డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వచ్చే నెల వస్తున్నాడు. ఐఫోన్ అక్కడే కొనిపించుకుంటే ఎంత మిగులుతుంది? ఐఫోన్లు ఇప్పుడు మన దేశంలోనే తయారవుతున్నాయి కదా, మరి ఇక్కడ ధర తగ్గదేం?
– ఒక బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

సమాధానం: కాగితం, కలం తీసుకోండి. ఐఫోన్ 17 (256 జీబీ) ఇక్కడ విడుదల ధర 82,900 రూపాయలు. 2020 ఏప్రిల్ నుంచి మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. అంతకుముందు 12 ఉండేది. 2025 సెప్టెంబరులో చాలా వస్తువులకు పన్ను తగ్గినా ఫోన్లను కదపలేదు. ఆ పన్ను తీసేస్తే అసలు ధర సుమారు 70,250.

ఇక అమెరికాలో దాని ధర 799 డాలర్లు. ఫోన్ విడుదలైన నాటికి డాలరు సుమారు 88 రూపాయలు. గుణిస్తే 70,312. అంటే పన్నులు పక్కన పెడితే రెండు దేశాల్లోనూ ఒకటే ధర! చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. అక్కడ బోర్డు మీద రాసే ధరలో పన్ను ఉండదు, ఇక్కడి ధరలో ఉంటుంది. డల్లాస్‌లో అమ్మకం పన్ను 8.25 శాతం. అది కలిపితే 76,100 అవుతుంది. మిగిలేది ఆరు వేల ఎనిమిది వందలు. ఇక్కడ బ్యాంకు కార్డు మీద ఆఫరు దొరికితే అదీ మిగలదు. పైగా పైన అమలాపురం అమ్మగారికి చెప్పిన ఈ-సిమ్ తంటా మీకూ ఉంటుంది.

ప్రో మోడల్ అయితే లెక్క తిరగబడుతుంది. ఐఫోన్ 17 ప్రో ఇక్కడ 1,34,900. అక్కడ 1,099 డాలర్లు. అదే రేటుకు డల్లాస్ పన్నుతో కలిపి సుమారు 1,04,700. ముప్పై వేలు తేడా. దానికైతే తమ్ముడికి ఫోన్ చేయండి. మీరు కొనేనాటి డాలరు రేటు పెట్టి లెక్క మళ్లీ వేసుకోండి. 'అన్‌లాక్డ్' ఫోనే కొనమని గట్టిగా చెప్పండి. అక్కడి నెట్‌వర్క్ కంపెనీలు వాయిదాల మీద ఇచ్చే ఫోను బాకీ తీరేదాకా వేరే సిమ్మును ఒప్పుకోదు. విడుదలప్పుడు కనిపించే 'నెలకింత' అన్న చవక బేరాలన్నీ దాదాపు ఆ బాపతే.

మన దేశంలో తయారీ సంగతి. శ్రీపెరుంబుదూరులో, హోసూరులో, బెంగళూరు దగ్గర ఐఫోన్లు బిగిస్తున్నారు. మన కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఎయిర్‌పాడ్స్ తయారు చేస్తోంది. శ్రీసిటీలో 2015 నుంచే షావోమీ ఫోన్లు బిగించారు. కానీ చిప్పు, తెర, కెమెరా లాంటి ఖరీదైన భాగాలు చాలామటుకు బయటినుంచి రావాల్సిందే. పూర్తిగా తయారైన ఫోను దిగుమతి చేస్తే పడే 15 శాతం సుంకం మాత్రం తప్పుతుంది. ఆ మిగులులో ఎంత మనకిచ్చేదీ కంపెనీ ఇష్టం. 17కి ఇచ్చింది, ప్రోకి ఇవ్వలేదు. లెక్క మీ కళ్లముందే ఉంది.

సందేహం: ఇరవై వేలలో ఫోను చూస్తున్నాను. ఒకదానికి '16 జీబీ ర్యామ్, 108 మెగాపిక్సెల్' అని పెద్దక్షరాలతో ఉంది. ఇంకోదానికి 8 జీబీ, 50 మెగాపిక్సెల్. ధర ఒకటే. మొదటిది కొనడమే తెలివైన పని కదా?
– జూనియర్ కాలేజీ లెక్చరర్, అనంతపురం

సమాధానం: కాదు మాస్టారూ. పెట్టె ముందు వేసే అంకె అమ్మడానికి. కొనడానికి కావలసిన అంకె పెట్టె వెనక, చిన్నక్షరాల్లో ఉంటుంది.

పెట్టె తిప్పి చూడండి. '16 జీబీ' పక్కన చుక్క గుర్తు, కింద '8+8' అని ఉంటుంది. రెండో ఎనిమిది అసలు ర్యామ్ కాదు. ఫొటోలు దాచుకునే స్టోరేజీలోంచి కొంత జాగా తీసి ర్యామ్‌లా వాడే ఏర్పాటు. ఒకటి వంటగట్టు, రెండోది పెరట్లోని కొట్టుగది అనుకోండి. కొట్టుగదిలో ఎంత జాగా ఉన్నా, గట్టుమీద పెట్టుకున్నంత సులువుగా చేతికందదు. మీరు చూసిన రెండు ఫోన్లలోనూ ర్యామ్ ఎనిమిదే అయ్యుండొచ్చు. అసలు చూడవలసింది ఆ స్టోరేజీ రకం. 'యూఎఫ్ఎస్' అని ఉంటే మంచిది. 'ఈఎంఎంసీ' అని ఉంటే, ఇరవై వేలు పెట్టి కొనకండి. ఏడాది తిరిగేసరికి వాట్సాప్ తెరుచుకోవడానికి కూడా ఆలోచిస్తుంది.

మెగాపిక్సెళ్ల కథా అంతే. 108 మెగాపిక్సెళ్ల కెమెరా మామూలుగా తీసేటప్పుడు తొమ్మిదేసి చుక్కలను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. 50 మెగాపిక్సెళ్లది నాలుగేసి కలిపి పన్నెండున్నర ఇస్తుంది. చివరికి చేతికొచ్చేది దాదాపు ఒకటే. 2015 నాటి ఐఫోన్ 6ఎస్ నుంచి 2022 నాటి ఐఫోన్ 14 దాకా ప్రధాన కెమెరా 12 మెగాపిక్సెళ్లే, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. దీనికి బదులు 'ఓఐఎస్' ఉందా అని అడగండి. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా లెన్సు తనే సర్దుకునే ఏర్పాటది. సాయంత్రం వెలుతురులో, కాలేజీ వార్షికోత్సవం స్టేజీ మీద తేడా తెలుస్తుంది. వెనకాల గుండ్రంగా కనిపించే '2 మెగాపిక్సెల్ మాక్రో', '2 మెగాపిక్సెల్ డెప్త్' కెమెరాలను లెక్కలోకి తీసుకోవద్దు. దిష్టిచుక్కలు అవి.

ఇక ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అప్‌డేట్లు ఎన్నేళ్లు? శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ 2024 అక్టోబరులో 18,999కి వచ్చినప్పుడు దానికి ఆరేళ్లు ఇస్తామన్నారు. అదే ధరలో రెండేళ్లతో సరిపెట్టే ఫోన్లూ ఉన్నాయి. బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌ను ఒక్కొక్కటిగా వదిలేస్తుంటాయి. ఇరవై వేల ఫోను ఆరేళ్లు నడిస్తే ఏడాదికి మూడు వేల మూడు వందలు, రెండేళ్లకు మూలపడితే ఏడాదికి పది వేలు. లెక్చరర్‌గారికి ఈ భాగహారం నేను చేసి చూపించనక్కర్లేదు.

సందేహం: 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ కొన్నాను. నా ఫోను బ్యాటరీ 5,000. నాలుగుసార్లు ఛార్జ్ అవ్వాలి కదా? మూడోసారి నిండకుండానే అయిపోతోంది. మోసపోయానా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

సమాధానం: మోసం లేదు బాబూ, సగం చెప్పారంతే. ఆ ఇరవై వేలు లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర లెక్క. 3.7ని 20తో గుణిస్తే 74 వాట్ అవర్లు. బయటికి యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులు. 74ని 5తో భాగిస్తే 14,800 ఎంఏహెచ్. వోల్టేజీ పెంచేటప్పుడు వేడిగా పోయేది తీసేస్తే పన్నెండు వేల చిల్లర. ఫోను ఛార్జయ్యేటప్పుడు మళ్లీ కొంత వేడిగా పోతుంది. మిగిలింది రెండున్నర, మూడు ఛార్జింగులు. నీ పవర్‌బ్యాంక్ వెనక 'రేటెడ్ కెపాసిటీ' అని సన్నగా ఉంటుంది, భూతద్దం పెట్టి చూడు. అక్కడ 12,000 దరిదాపుల్లో ఉంటే సరుకు మంచిదే. ఆ మాటే అచ్చు వేయకపోతే అనుమానించు.

ఆ 74 వాట్ అవర్లు గుర్తుపెట్టుకో, విమానమెక్కే రోజు పనికొస్తుంది. 100 దాటనివాటిని చేతిసంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ పెట్టెలో వేయనివ్వరు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లకు ఇంకోమాట. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి ఒక్క పవర్‌బ్యాంకే ఒప్పుకుంటోంది. అదీ విమానంలో వాడకూడదు, తలపైన అరలో పెట్టకూడదు. కెపాసిటీ దానిమీద స్పష్టంగా కనబడాలి. అంకెలు చెరిగిపోయిన పాతది పట్టుకెళితే అక్కడే వదిలేయాల్సి వస్తుంది.

సందేహం: సూది గుచ్చకుండా షుగర్ చూపించే వాచీ రెండు వేల అయిదు వందలకు వస్తోందని మా అల్లుడు తెప్పించాడు. పొద్దున పరగడుపున 104 చూపించింది. టిఫిన్ తిన్నాక 108. చాలా సంతోషించాను. దీన్ని నమ్మి మాత్ర తగ్గించుకోవచ్చా?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, కాకినాడ

సమాధానం: వద్దు మాస్టారూ. ఈ ఉత్తరం చదివి కంగారుపడ్డాను. పత్రిక వచ్చేదాకా ఆగకుండా జవాబు విడిగా పోస్టు చేశాను కూడా.

చర్మానికి ఏమీ గుచ్చకుండా, తనంతట తానే రక్తంలో చక్కెర కొలిచే వాచీకి గాని, ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది. పెద్ద పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి ప్రయత్నిస్తున్నా అమ్మకానికి పెట్టలేకపోయిన పని అది. రెండు వేల అయిదు వందల వాచీ చేస్తోందంటే, చేయడం లేదనే అర్థం. చిన్న పరీక్ష చేయండి. వాచీని అరటిపండుకో, చుట్టిన తువ్వాలుకో కట్టి మీట నొక్కండి. ఇలాంటివి చాలావాటిలో 'షుగర్' వచ్చేస్తుంది. ఇడ్లీ సాంబారు తిన్నాక కూడా 108 దాటలేదంటే మీరు గెలిచినట్టు కాదు, వాచీ కొలవనట్టు.

చర్మం కిందికి వెళ్లే సన్నటి సెన్సరుతో, చేతికి అంటించుకునే బిళ్లలు వేరు. రెండు వారాలు పనిచేసే రకాలు డాక్టర్లే రాస్తున్నారు. అవి నిజంగా కొలుస్తాయి. వాటి అంకెను వాచీలో చూసుకోవచ్చు కూడా. అక్కడ వాచీ అద్దం మాత్రమే, కొలిచేది బిళ్ల. మీ వాచీని అడుగులు లెక్కపెట్టుకోవడానికి ఉంచుకోండి. మాత్ర విషయం డాక్టరుగారినే అడగండి. అల్లుడిగారిని ఏమీ అనకండి, ప్రేమతోనే తెప్పించి ఉంటారు.

సందేహం: గ్రూప్–2కి చదువుతున్నాను. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. మెటీరియల్ అంతా పీడీఎఫ్‌లే. ఫోన్లో చదివి కళ్లు పోతున్నయ్. ట్యాబ్ కొందామంటే ఎనిమిదిన్నర అంగుళాలా, పదకొండా, ఐప్యాడా అర్థమైతలేదు అన్నా.
– ఒక అభ్యర్థి, కరీంనగర్

సమాధానం: తమ్ముడూ, అంగుళాలు మూలనుంచి మూలకు కొలుస్తారు. నీకు కావలసింది వెడల్పు. నీ పీడీఎఫ్‌లు ఏ4 కాగితం మీద చేసినవి. ఆ కాగితం వెడల్పు ఎనిమిదింపావు అంగుళాలు. ట్యాబ్‌ని నిలువుగా పట్టుకున్నప్పుడు 8.7 అంగుళాల దాని వెడల్పు సుమారు నాలుగున్నర. పేజీ సగానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం ఆరున్నర పాయింట్లయి, పంచాంగంలో వర్జ్యం వేళల అచ్చులా ఉంటుంది. ఎక్కువ ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు సినిమాకు తగ్గట్టు సాగదీసినవి. పదకొండు అంగుళాలదైనా వెడల్పు ఆరు లోపే, పేజీ 70 శాతం కనిపిస్తుంది. ఐప్యాడ్ తెర పుస్తకంలా చదరానికి దగ్గర. అదే పదకొండు అంగుళాలకు వెడల్పు దాదాపు ఆరుంపావు, పేజీ సుమారు 75 శాతం.

ఆ అయిదు శాతానికి ఎంత ఖర్చు? ఏ16 చిప్పుతో 2025 మార్చిలో వచ్చిన ఐప్యాడ్ 34,900. స్టోరేజీ 128 జీబీ, అది చాలు. గీతలు గీసుకోవడానికి ఆపిల్ పెన్సిల్‌లో యూఎస్‌బీ–సీ రకం ఇంకో 7,900. మొత్తం 42,800. అశోక్‌నగర్ హాస్టల్ అద్దె లెక్కలో అది ఎన్ని నెలలో నీకే తెలుసు. నా మాట వింటే, 15–20 వేలలో పదకొండు అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, వైఫై మాత్రమే ఉన్నది తీసుకో. ఫోన్ హాట్‌స్పాట్ ఉండగా ట్యాబ్‌లో సిమ్ము కోసం వేలు పోయనవసరం లేదు. పీడీఎఫ్ రీడర్‌లో అంచుల తెల్లజాగా కత్తిరించే సదుపాయం ఉంటుంది. అది వాడితే పోయిన అయిదు శాతం ఉచితంగా తిరిగొస్తుంది. కొనేముందు దుకాణంలో నీ పీడీఎఫ్‌నే తెరిచి, పది నిమిషాలు నిలబడి చదివి చూడు. వాళ్లు పెట్టే సముద్రం వీడియో చూసి కొనకు.

సందేహం: 'నో కాస్ట్ ఈఎంఐ' అంటే నిజంగా వడ్డీ లేదా?
– ఒక గృహిణి, నెల్లూరు

సమాధానం: బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాడు అంతే మొత్తం ముందే తగ్గించి చూపిస్తాడు. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు అక్షింతలు వేసింది. ముప్పై వేల ఫోనుకు ఆరు నెలల వాయిదా, వడ్డీ 16 శాతం అనుకుంటే వడ్డీ సుమారు 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 250 రూపాయలు మీదే. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. ఇది పెద్ద భారమేం కాదు. కాకపోతే "మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు?" అని అడిగాకే సంతకం పెట్టండి.

సందేహం: ఆటో నడుపుతాను. మా స్టాండు దగ్గర ఒకతను ఏడు వేలకు మంచి ఫోను ఇస్తానంటున్నాడు. బిల్లు లేదంట. తీసుకోవచ్చా?
– విజయవాడ

సమాధానం: బిల్లు లేనిది దొంగ సరుకయ్యే అవకాశం ఎక్కువ. అయినా రెండు నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు. ఆ ఫోన్లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. మీ ఫోను నుంచి ఇంగ్లిష్‌లో కే, వై, ఎం అని మూడక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు రాసి 14422కి మెసేజ్ పంపండి. పోయిందని బ్లాక్ చేసిన ఫోనైతే జవాబులో తెలిసిపోతుంది. అలాంటిది కొంటే ఏ సిమ్మూ పనిచేయదు, పోలీసులు వెతుక్కుంటూ మీ దగ్గరికే వస్తారు.

మెసేజ్‌లో తప్పేమీ లేకపోతే, అతని ఎదురుగానే ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. మళ్లీ తెరిచినప్పుడు పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడిగిందంటే, అది అతను చెప్పలేకపోతే, చేతులు దులుపుకుని వచ్చేయండి. మీ ఫోనే ఎప్పుడైనా పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించండి. అందుకైనా మీ ఐఎంఈఐ ఇప్పుడే ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి.

సందేహం: నాది ఐపీ68 ఫోను. 2027 గోదావరి పుష్కరాల్లో నీళ్లలో దిగి వీడియో తీయొచ్చా? తడిస్తే బియ్యంలో పెడితే సరిపోతుందా?
– రాజమహేంద్రవరం

సమాధానం: ఐపీ68 పరీక్ష కదలని మంచినీళ్లలో, కొత్త ఫోనుతో చేసేది. ఎంత లోతన్నది కంపెనీనే చెబుతుంది, చాలావాటికి మీటరున్నర, అరగంట. పుష్కర ఘాట్‌లో నీళ్లు కదలకుండా ఉంటాయా? రెండేళ్లు వాడి, ఒకసారి కింద పడేసిన ఫోనులో నీళ్లు దూరకుండా ఆపే రబ్బరు అంచులు మొదట్లా ఉంటాయా? పైగా నీళ్లు దూరితే వారంటీ వర్తించదు, ఐపీ68 ఉన్నా సరే. ఒడ్డు మీంచే తీయండి.

బియ్యం సంగతి నేను అనుభవం మీద చెప్పగలను. పదేళ్ల కిందట మా ఇంట్లో తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో రెండ్రోజులు పాతిపెట్టాం. నీళ్లు పోయాయో లేదో గాని, ఛార్జింగు కన్నంలో ఒక నూక ఇరుక్కుంది. స్పీకరులోంచి తవుడు రాలింది. బాగుచేసే కుర్రాడు సూదితో నూక తీసి బల్ల మీద పెట్టి, రెండు వందలు తీసుకున్నాడు. బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కూడా 2024లో చెప్పింది. ఛార్జింగు కన్నం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టండి, గాలి ఆడేచోట ఫ్యాన్ కింద ఉంచండి, పూర్తిగా ఆరేదాకా ఛార్జరు తగిలించకండి.

వచ్చే నెలకు రాసేవాళ్లు ఫోను మోడల్ పేరు, కొన్న నెల, పెట్టె వెనక స్టిక్కరు మీది చిన్నక్షరాలు కూడా రాసి పంపండి. ఐఎంఈఐ నంబరు మాత్రం రాయకండి.